కాలువ ఒడ్డు బియ్యపు మర - మెట్ట పక్క పత్తి జిన్ను



ఈ పూట నేను విత్తనాన్ని గురించి గాని, ఎరువును గురించి గాని చెప్పబోవడం లేదు. పంట ఇంటికి వచ్చిన తరువాత అది చేరే చోటును గురించి, అంటే మరను గురించి నాలుగు మాటలు చెబుతాను. వడ్లు బియ్యం అయ్యేదీ అక్కడే, పత్తి దూది అయ్యేదీ అక్కడే. నెలల తరబడి చేలో పడిన కష్టానికి లెక్క తేలేదీ అక్కడే. అయినా ఆనకట్ట చరిత్ర చెప్పుకున్నంతగా మనం మర చరిత్ర చెప్పుకోము. చెప్పుకుంటే మాత్రం, పంటలో మన వాటా ఏది, అది ఎప్పుడు ఎలా చేయి మారింది అన్న సంగతి తెలిసివస్తుంది.

హనుమాన్ జంక్షన్‌లో నిలబడి నాలుగు దిక్కులూ చూస్తే ఈ కథ సులువుగా బోధపడుతుంది. విజయవాడ నుంచి ఏలూరు పోయే పెద్ద రోడ్డును ఇక్కడ నూజివీడు రోడ్డు, గుడివాడ రోడ్డు కలుస్తవి. ఆంజనేయస్వామి గుడి వున్నందువల్లనే ఈ కూడలికి ఆ పేరు వచ్చింది. రైలు స్టేషనుకు పేరు నూజివీడు, వున్నది మాత్రం జంక్షన్ దగ్గర. ఉత్తరంగా నూజివీడు వైపు పోతే ఎర్రనేలలు, మామిడి తోటలు, మెట్ట పైర్లు. ఇంకా ఎగువకు తిరువూరు, నందిగామ దిక్కుకు పోతే పత్తి చేలు. దక్షిణంగా గుడివాడ వైపు దిగితే కనుచూపు మేర వరి మాగాణి. ఏలూరు కాలువకు దిగువనంతా కాలువ నీటి వ్యవసాయం, ఎగువన మెట్ట సేద్యం. అంచేత దిగువ రైతుకు మర అంటే బియ్యపు మర, ఎగువ రైతుకు మర అంటే పత్తి జిన్ను. యంత్రాలు వేరైనా రెండింటి చరిత్రా ఒక్క తీరుగానే నడిచింది.

మరకు ముందు

మర రాకముందు వడ్లను ఇంట్లోనే దంచుకునేవారు. రోలు, రోకలి, చాట - ఇవే పనిముట్లు. పెద్ద కమతాల ఇళ్ళల్లో దంపుళ్ళకు కూలి ఆడవాళ్ళు వచ్చేవారు. కూలి గింజల రూపంలోనే ముట్టేది. భర్త పోయిన వాళ్ళకు, సెంటు భూమి లేనివాళ్ళకు దంపుడు ఒక బతుకుతెరువు. దంచగా వచ్చిన ఊక పొయ్యిలోకి, తవుడు పశువుల కుడితిలోకి, నూకలు జావలోకి పోయేవి. ఒక్క పిడికెడు కూడా ఇంటి గడప దాటేది కాదు.

పత్తి కూడా అంతే. రెండు సన్నని కర్ర రోలర్లు ఎదురెదురుగా తిరిగే చిన్న చేతి యంత్రం వుండేది. ఒక చేత్తో పిడి తిప్పుతూ, రెండో చేత్తో పత్తిని అందిస్తే దూది అవతలికి పోయేది, గింజ ఇవతల రాలేది. రోజంతా తిప్పినా వచ్చేది కొద్దిపాటి దూదే. కాని గింజ పగిలేది కాదు, పోగు తెగేది కాదు. ఆ గింజల్లో మంచివి ఏరి వచ్చే ఏటి విత్తనానికి దాచుకుని, మిగతావి నానబెట్టి, రుబ్బి పాడి గేదెలకు పెట్టేవారు.

కాలువ తెచ్చిన మర

1832-33లో వచ్చిన కరువును మన పెద్దలు డొక్కల కరువు అన్నారు. గుంటూరు సీమలో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయినవి. ఆ తరువాతనే కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టాలన్న ఆలోచన బలపడింది. బెజవాడ వద్ద 1852లో పని మొదలై 1855లో ముగిసింది. కట్టించిన ఇంజనీరు కెప్టెన్ ఛార్లెస్ ఓర్. గోదావరి ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ దీనికి కూడా ప్రోత్సాహమిచ్చినవారు.

ఆనకట్టతో రెండు వచ్చినవి. ఒకటి నీరు. రెండవది దారి. కాలువలకు లాకులు కట్టి పడవలు నడిపారు. ఏలూరు కాలువ కృష్ణా డెల్టాను గోదావరి డెల్టాతో కలిపింది. గాలి లేనప్పుడు పడవకు తాడు కట్టి మనుషులు గట్టు వెంట లాగుకుంటూ పోయేవారు. ఎడ్ల బండి మోయలేనంత ధాన్యాన్ని ఒక్క పడవ మోసేది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన కూడా అయిపోయింది. తినగా మిగిలిన ధాన్యం వున్నది, దాన్ని పైజిల్లాలకు చేర్చే దారీ వున్నది. ఇక రోకలితో దంచి ఎన్ని బస్తాల బియ్యం ఎగుమతి చేయగలరు? అక్కడ మర అవసరం పుట్టింది.

బియ్యపు మర కాలువ ఒడ్డును వెతుక్కుంటూ వచ్చిందంటే దానికి కారణాలు వున్నవి. ధాన్యం పడవ మీద వస్తుంది, బియ్యం పడవ మీద పోతుంది. ఆవిరి ఇంజను వుంటే బాయిలరుకు నీళ్ళు కావాలి. ఉప్పుడు బియ్యం చేస్తే వడ్లు నానవేయడానికి నీళ్ళు కావాలి. బాయిలరు కిందికి కట్టెలు కొననక్కర లేదు, మరలో వచ్చిన ఊకే చాలు.

పత్తి జిన్నుకు న్యాయం వేరు. పత్తిలో మూడింట రెండు వంతులు గింజ బరువు. ఆ బరువును దూరం మోయడం దండగ. పత్తి పండే చోటనే గింజ వేరుచేసి, దూదిని బేలుగా బిగించి పంపితే బండి కిరాయి కలిసివస్తుంది. అందుకే జిన్నులు, బేళ్ళు కట్టే ప్రెస్సులు గుంటూరు, చిలకలూరిపేట వంటి పత్తి నేలల నడుమ వెలిసినవి.

ఇంటి మర

పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలోని సిరక్యూస్ పట్నంలో ఎంగెల్‌బర్గ్ కంపెనీ తయారుచేసిన హల్లరు లోకమంతా పాకింది. దాని నిర్మాణం చాలా సులువు. గాట్లు వున్న ఇనుప గుండు ఒకటి చిల్లుల జల్లెడ లోపల తిరుగుతుంది. పక్కన ఒక ఇనుప పలక అడ్డు. వడ్లు ఆ ఇరుకులో పడి, ఒరుసుకుని, పొట్టు వదులుతవి, ఆ ఒరిపిడికే తెల్లబడతవి. ఆయిలింజను ఒకటి, బెల్టు ఒకటి, హల్లరు ఒకటి, పైన రేకుల షెడ్డు. ఇంతే పెట్టుబడి. రైతు కుటుంబం తలపెట్టగలిగిన పరిశ్రమ ఇది.

అందువల్ల డెల్టాలో వరి మీద నాలుగు డబ్బులు వెనకేసుకున్న రైతు కుటుంబాలు తరువాతి అడుగు మర మీదనే వేసినవి. పొగాకు బారన్లు, సినిమా హాళ్ళు కూడా ఇలాగే లేచినవి. మరలో పెద్దాయన కాటా దగ్గర కూర్చుంటే, ఒక కొడుకు ఇంజను చూసుకునేవాడు, ఇంకొకడు పద్దులు రాసేవాడు. యజమాని కూడా రైతే. అతని వడ్లూ అదే హల్లరులో ఆడేవి. వచ్చే రైతు ఏ చేనివాడో, ఏ రకం వేశాడో ఆయనకు తెలుసు. రైతుకూ మర గుట్టు తెలుసు. మోసం జరగలేదని కాదు. జరిగితే మాత్రం ఊరంతా తెలిసేది, మరునాటి నుంచి బండ్లు పక్కూరి మరకు తిరిగేవి.

ఇటువంటి కుటుంబపు మరలు మన దేశానికే పరిమితం కావు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో వాగు ఒడ్డున నీటి చక్రం పెట్టి, ఒక్క కుటుంబమే మొక్కజొన్న పిండి ఆడించి, పక్క షెడ్డులో పత్తి గింజ కూడా తీసి ఇచ్చేది. పిండికి కూలి డబ్బు కాదు, పాలు. చాలా చోట్ల మొక్కజొన్నలో ఎనిమిదో వంతు మరకు చెందేది. ఎంత పాలు తీసుకోవాలో రాష్ట్రాల చట్టాలే నిర్ణయించినవి. రైతుకూ మరకూ నడుమ తగువు పుట్టే చోటు ఎక్కడో వాళ్ళకు ముందే తెలుసునన్నమాట.

నాలుగు సంచుల లెక్క

మన మరలలో పద్ధతి కూలికి ఆడించడం. రైతు వడ్లు తీసుకుపోతాడు, మర కూలి ఇస్తాడు, బియ్యమూ, తవుడూ, నూకలూ, ఊకా అన్నీ తిరిగి తెచ్చుకుంటాడు. ఇక్కడ లెక్క చూడండి. మన వైపు బస్తా 75 కిలోలు. సుమారుగా నూటికి 67 వంతున బియ్యం దిగితే అది 50 కిలోలు. నూటికి 20 వంతున ఊక 15 కిలోలు. మిగతా పది కిలోల చిల్లరలో తవుడు, చిట్టు, తాలు, దుమ్ము. మంచి తవుడులో నూటికి 15 నుంచి 20 వంతుల నూనె వుంటుంది. అంటే రైతు మరకు ఇచ్చినది ఒక్క సరుకు కాదు, నాలుగు సరుకులు.

హల్లరుకు రెండు లోపాలు వున్నవి. గింజ ఎక్కువగా విరిగి నూకలు పెరుగుతవి. ఊక, తవుడు కలిసిపోయి తవుడు నూనెకు పనికిరాదు. మూడో లోపం వైద్యులు కనిపెట్టినది. 1890 తరువాతి సంవత్సరాలలో జావా ద్వీపంలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు బాగా తెల్లగా పట్టిన బియ్యం తిన్న కోళ్ళకు బెరిబెరి వంటి జబ్బు రావడం, తవుడు పెడితే నయం కావడం గమనించాడు. 1929లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో ఈ బెరిబెరి మన సర్కారు జిల్లాలలోనే ఎక్కువగా కనిపించింది. పచ్చి బియ్యాన్ని మరలో తెల్లగా పట్టించి తినడమే కారణమని కూనూరులో పరిశోధన చేసిన మెకారిసన్ తేల్చాడు. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలలో ఆ బాధ తక్కువ. వడ్లు ఉడికేటప్పుడు పొట్టు కింది సారం గింజలోకి దిగుతుంది కాబట్టి. కుడితిలో పోసిన తవుడు తిని గేదె బాగుపడింది, తెల్లన్నం తిన్న మనిషి జబ్బుపడ్డాడు!

పత్తి గింజ కథ

ఇక పత్తికి వద్దాం. అమెరికాలో ఎలీ విట్నీ 1793లో పత్తి జిన్ను తయారుచేశాడు. పని వేగం ఎన్నో రెట్లు పెరిగింది. పత్తి సాగూ పెరిగింది, ఆ చేలలో నీగ్రో బానిసల వెట్టి కూడా దానితోపాటే పెరిగింది. యంత్రం వస్తే కష్టం తగ్గుతుందని మనం అనుకుంటాము. ఎవరి కష్టం తగ్గింది, ఎవరిది పెరిగింది అన్నది కూడా చూడాలి.

1840లో మెకార్తీ అనే ఆయన తోలు చుట్టిన రోలరుతో మరొక రకం జిన్నుకు పేటెంటు పొందాడు. రోలరు దూదిని లాగుతుంది, అంచున నిలిచిన కత్తి గింజను ఆపుతుంది, కదిలే కత్తి గింజను నెట్టివేస్తుంది. పోగు తెగదు. మన దేశపు పత్తికి ఇదే అనువని తేలింది. ఇంగ్లండులోని ఓల్డామ్ నుంచి ప్లాట్ బ్రదర్స్ కంపెనీ జిన్నులు ఇండియాకు వచ్చినవి. ఇప్పటికీ మన జిన్నింగు మిల్లులలో ఎక్కువగా తిరిగేవి రెండు రోలర్ల జిన్నులే.

1861 నుంచి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం జరిగినప్పుడు లాంకషైరు మిల్లులకు అక్కడి దూది ఆగిపోయింది. మన పత్తి ధర ఆకాశానికి ఎక్కింది. యుద్ధం ముగిసింది, ధర దబ్బున పడింది. ఎక్కడో జరిగే యుద్ధం మన చేను గట్టు మీదికి వస్తుందని రైతు అప్పుడే చవిచూశాడు.

ఆ కాలంలో గుంటూరు, కృష్ణా మెట్టలలో పండిన గోధుమ రంగు చాయ దేశవాళీ పత్తికి వ్యాపారులు పెట్టిన పేరు కోకనాడాస్. పండింది ఇక్కడ, ఓడ ఎక్కింది కాకినాడలో, పేరు రేవుకు దక్కింది. అయితే పేరు పోయినందువల్ల జరిగిన నష్టం కన్న, జిన్నులో గింజ కలిసిపోయినందువల్ల జరిగిన నష్టం పెద్దది. చేతితో గింజ తీసినప్పుడు ఎవరి గింజ వారిదే. జిన్నులో పది ఊళ్ళ పత్తి ఒకే చోట ఆడుతుంది. పొట్టి పింజ, పొడుగు పింజ, ఎర్రది, తెల్లది అంతా ఒక రాశి. ఆ రాశి నుంచి విత్తనం తెచ్చుకుని వేస్తే చేలో అన్ని రకాల మొక్కలూ లేస్తవి. అటువంటి దూదికి మిల్లువాడు ధర కోస్తాడు. రైతు నేలను తిట్టుకునేవాడు. తప్పు నేలది కాదు, గింజల రాశిది.

ఈ కల్తీలను అదుపు చేయడానికే 1925లో పత్తి జిన్నింగు, ప్రెస్సింగు ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. ప్రతి బేలు మీద ప్రెస్సు గుర్తు, వరుస నెంబరు వుండాలన్నది, రిజిస్టర్లు వుంచాలన్నది. 1933లో మద్రాసు రాష్ట్రంలో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం చేసి కాటాలకు, కమిషన్లకు కట్టుబాటు తెచ్చారు.

వాటా ఎలా మారింది

స్వరాజ్యం వచ్చాక మార్పులు వేగంగా జరిగినవి. 1952లో పాత ఆనకట్టకు గండిపడగా, దాని స్థానే కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో ప్రారంభమయింది. 1958లో బియ్యపు మిల్లుల నియంత్రణ చట్టం చేశారు. కొత్త మరకు లైసెన్సు ఇచ్చే ముందు అక్కడ దంపుళ్ళ మీద బతికేవారి ఉపాధి సంగతి కూడా చూడాలని అందులో వుండడం గమనించదగినది. అయినా దంపుడు నిలవలేదు. 1965లో ఆహార సంస్థ ఏర్పడింది. మిల్లులనుంచి ప్రభుత్వం లెవీ బియ్యం సేకరించింది. రబ్బరు రోలర్ల మిల్లులు వచ్చినవి. రెండు రబ్బరు రోలర్లు వేరువేరు వేగాలతో తిరుగుతూ గింజను విరగ్గొట్టకుండా పొట్టు మాత్రం ఒలుస్తవి. నూకలు తగ్గినవి, తవుడు విడిగా వచ్చి నూనె మిల్లులకు పోయింది. దేశానికి ఇది లాభమే.

కాని ఇంత పెద్ద మిల్లు పది బస్తాలను కూలికి ఆడించదు. దానికి లారీ లోడు కావాలి. అంచేత రైతు వడ్లు ఆడించుకోవడం తగ్గి, వడ్లే అమ్మడం ఎక్కువయింది. అమ్మిన నాడు బియ్యంతోపాటు తవుడు, నూకలు, ఊక కూడా అమ్ముడుపోయినట్టే. ఒక్క ధరకు నాలుగు సరుకులు ఇచ్చి రావడమన్నమాట.

పత్తిలోనూ ఇదే జరిగింది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. 1970లో సూరత్ కేంద్రం నుంచి హెచ్-4, 1972లో ధార్వాడ నుంచి వరలక్ష్మి సంకర రకాలు వచ్చినవి. మంచి పింజ, మంచి దిగుబడి. అయితే సంకర రకం గింజ మరుసటి ఏటికి విత్తనంగా పనికిరాదు. జిన్ను నుంచి గింజ తెచ్చుకునే అలవాటు దానితో పోయింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక విత్తనమంతా ప్యాకెట్టులోనే. ఒకప్పుడు రైతు గాదెలో వున్న పత్తి గింజ ఇప్పుడు రెండు రూపాలలో కొనుక్కోవలసి వస్తున్నది - విత్తనంగా ఒకసారి, పశువుల దాణాకు పత్తి చెక్కగా మరొకసారి.

మనం చేయవలసినది

మీలో ఎవరైనా అడగవచ్చు: "ఏమండీ, మళ్ళీ రోకలి పట్టమంటారా, హల్లరు పెట్టమంటారా?" అని. కాదు. పాత మర తిరిగి రాదు, రావలసిన పనీ లేదు. పాత మరలో రైతుకు వున్న తెలివిడి మాత్రం తిరిగి రావాలి. తన వడ్లలో బియ్యం ఎంత, తన పత్తిలో దూది ఎంత అన్నది ఆనాటి రైతుకు కళ్ళ ఎదుట తేలేది. ఈనాటి రైతు అది తెలియకుండానే ధర మాట్లాడుతున్నాడు.

మొదటిది తేమ. ప్రభుత్వ కొనుగోలులో వడ్లకు తేమ నూటికి 17 మించరాదు. 22 శాతం తేమ వున్న 75 కిలోల బస్తా 17కు ఆరితే 70 కిలోల 500 గ్రాములు అవుతుంది. అంటే నాలుగున్నర కిలోల తరుగు న్యాయమే. 19 శాతం వుంటే న్యాయమైన తరుగు 2 కిలోల లోపు. రెండు బస్తాలకూ ఒకే తరుగు కోస్తే ఒక రైతుకు అన్యాయం జరిగినట్టే. తేమ కొలిచే మీటరు పెట్టించి, అంకె కళ్ళతో చూసిన తరువాతనే తరుగుకు ఒప్పుకోండి. పత్తికి ప్రమాణం 8 శాతం. 12 వరకు తీసుకుంటారు గాని ధర తగ్గుతుంది. మంచు ఆరకముందే తీసిన పత్తిని నేరుగా బోరెంలో తొక్కవద్దు.

రెండవది దిగుబడి లెక్క. పంటంతా అమ్మేముందు ఒక బస్తా వడ్లు ఊళ్ళో చిన్న మరలో ఆడించి, బియ్యం, నూకలు, తవుడు విడివిడిగా తూచి రాసుకోండి. పత్తిలో సుమారుగా క్వింటాలుకు 34 కిలోల దూది వస్తుంది. అయిదు క్వింటాళ్ళకు 170 కిలోల బేలు ఒకటి. మీ రకానికి 36 దిగితే పది క్వింటాళ్ళకు 20 కిలోల దూది అదనం. ఆ అదనం మీ చేలో పండినదే గనుక, బేరంలో దాన్ని అడిగే హక్కు మీకు వున్నది.

మూడవది కలగలుపు చేయకపోవడం. మొదటి తీత పత్తిని, చివరి తీత పత్తిని, వాన తడిసిన దానిని వేరువేరుగా వుంచండి. వడ్లలో కూడా రెండు రకాలను ఒకే కుప్పగా పోయవద్దు. పొట్టి గింజ, పొడుగు గింజ కలిసి మిల్లుకు పోతే ఒకటి పొట్టు వదలదు, రెండవది విరుగుతుంది. జిన్నులో గింజలు కలిసి నష్టపోయిన పాత కథ ఇప్పుడు మన కళ్ళంలోనే మొదలు కాకూడదు.

నాలుగవది కలసి నడవడం. పది బస్తాల రైతు మాట మిల్లుకు వినబడదు. ఒకే రకం వేసిన ఇరవై మంది కలసి లారీ లోడు చేస్తే వినబడుతుంది. అప్పుడు కూలికి ఆడించమని అడగవచ్చు, తవుడు మాదే అని షరతు పెట్టవచ్చు. రైతు సంఘాలు, ఉత్పత్తిదారుల కంపెనీలు ఈ పనికి అక్కరకు వస్తవి. విస్తరణ కార్యకర్తలు కూడా విత్తనం, ఎరువు, పురుగుమందు చెప్పి ఊరుకోక, కోతల ముందు ప్రతి ఊళ్ళో ఒకసారి తేమ మీటరు, కాటా పట్టుకుని వెళ్ళి ఈ లెక్క చేసి చూపించాలని కోరుతున్నాను. రైతు భరోసా కేంద్రమని పిలిచినా, మరో పేరుతో పిలిచినా, గ్రామంలో మన ఆఫీసు వున్నది ఇందుకే.

ఈసారి వడ్లు కాటాకు ఎత్తే ముందు ఒక బస్తా పక్కన పెట్టండి. ఆడించి చూసి, ఆ అంకెలు చీటీ మీద రాసి జేబులో వుంచుకుని బేరానికి కూర్చోండి.